మోకాళ్లకు కరెంటు సూదులు.. నొప్పి తగ్గితే నడక కూడా మారుతుందా?

ఐ.పోలవరం: ఫజర్‌కి లేవగానే మోకాళ్లు పట్టేస్తాయి. సజ్దా నుంచి లేవాలంటే నేలకు చెయ్యి ఆనించాలి. అత్తహియాత్‌లో కూర్చోలేక కుర్చీ వెతుక్కుంటారు. గౌతమి ఒడ్డున ఐ.పోలవరం, మురమళ్ల వైపైనా, ఇంకెక్కడైనా యాభై దాటిన అమ్మీలు, నానీలు చెప్పే బాధ ఇదే. డాక్టర్ 'గుజ్జు అరిగింది' అంటారు. ఆపరేషన్ అంటే భయం, మాత్రలు వేసుకుంటే కడుపులో మంట. అప్పుడే ఎవరో ఒకరు 'కరెంటు సూదుల వైద్యం' సంగతి చెబుతారు.

దాని పేరు ఎలక్ట్రో ఆక్యుపంక్చర్. మోకాలి చుట్టూ వెంట్రుకంత సన్నటి సూదులు గుచ్చి, వాటికి చిన్న క్లిప్పులు తగిలించి, బ్యాటరీ మెషీన్‌తో అతి తక్కువ కరెంటు పంపుతారు. షాక్ కొట్టదు, సన్నగా అదిరినట్టు ఉంటుంది. ఆ అదురుకు శరీరం తన సొంత నొప్పినివారణ రసాయనాలు (ఎండార్ఫిన్లు) విడుదల చేస్తుందని చైనా శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పరిశోధించి చెప్పారు. అంతేగానీ అరిగిన గుజ్జు తిరిగి పెరుగుతుందని ఎవరైనా అంటే నమ్మొద్దు.

మరి పనిచేస్తుందా? చైనాలో 480 మందిపై చేసిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. వారానికి మూడుసార్లు, 8 వారాలు చేశారు. కరెంటు సూదులు పెట్టినవాళ్లలో 100కి 60 మందికి మేలు కనిపించింది. ఉత్తుత్తి సూదులు పెట్టినవాళ్లలోనూ 47 మందికి కనిపించింది! అంటే అసలు సూది తెచ్చిన తేడా ఉంది, కానీ పెద్దదేం కాదు. అందుకే దేశానికో మాట: అమెరికా కీళ్ల వైద్యుల సంఘం షరతులతో 'వాడొచ్చు' అంటే, బ్రిటన్ ప్రభుత్వ మార్గదర్శకాలు 2022లో 'ఇవ్వొద్దు' అన్నాయి. మన దేశంలో 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ ఆక్యుపంక్చర్‌ను గుర్తించింది.

అసలు చిక్కు నడకలో ఉంది. మామూలుగా నడిచేటప్పుడే మోకాలి లోపలి వైపు బయటి వైపు కంటే ఎక్కువ భారం పడుతుంది, అరుగుదల కూడా ఎక్కువగా అక్కడే. నొప్పి ఉన్న మనిషి తెలియకుండానే అడుగు చిన్నది చేస్తారు, మోకాలు వంచకుండా బిగబట్టి, మెల్లగా నడుస్తారు. అలా నడవగా నడవగా తొడ ముందు కండ బలహీనపడుతుంది. సూది నొప్పిని తగ్గిస్తే ఈ నడక దానంతటదే బాగుపడుతుందా? అక్కరలేదు. 1993లో అమెరికాలో నొప్పి మాత్ర ఇచ్చి నడిపించి చూస్తే, నొప్పి తగ్గినవాళ్లలో మోకాలి లోపలి వైపు భారం ఇంకా పెరిగింది! నొప్పి హెచ్చరించడం మానేస్తే కాలు జాగ్రత్త మానేసింది మరి.

కాబట్టి సూదులతో హాయిగా ఉన్న రోజులను కాలవగట్టు మీద ఎడాపెడా తిరగడానికి కాదు, తొడ కండ పెంచుకోవడానికి వాడుకోవాలి. కుర్చీలో కూర్చుని కాలు ముందుకు చాపి, అయిదు లెక్కపెట్టేదాకా నిలిపి దించాలి. రెండు కాళ్లకూ పదేసిసార్లు, రోజూ. చేతికర్ర పట్టుకుంటే నొప్పి ఉన్న కాలి వైపు కాదు, రెండో చేత్తో పట్టుకోవాలి (చాలామంది ఇక్కడే తప్పుతారు). బరువు కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో లెక్క తేలింది. రంజాన్‌లో ఇఫ్తార్ పకోడీల దగ్గర ఈ లెక్క గుర్తుంటే మంచిది. ఇక కింద కూర్చోలేనివాళ్లు కుర్చీ మీద నమాజ్ చదవడానికి షరియత్‌లో వెసులుబాటు ఉంది, మోకాలిని హింసపెట్టి సజ్దాకి వంగక్కరలేదు.

సూదులకు వెళ్లేముందు అమలాపురం కిమ్స్ లాంటి చోట ఎముకల డాక్టర్‌కి చూపించి, అది అరుగుదలేనని తేల్చుకోవాలి. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లు కరెంటు పెట్టించుకోకూడదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, షుగర్ వల్ల కాళ్లు మొద్దుబారినవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. సూదుల ప్యాకెట్ కొత్తది మీ కళ్లముందే విప్పమనండి, విప్పకపోతే లేచి వచ్చేయండి.