బోర్డు పెట్టగానే పిల్లలు రారు!
పల్లెల్లో ట్యూషన్ కేంద్రం తెరిచిన యువకులకు నాలుగు మాటలు

నరసరావుపేట: డిగ్రీ అయింది. బి.ఇడి. కూడా పూర్తయింది. ఉద్యోగం వచ్చేదాకా ఊరికే కూర్చోవడమెందుకని ఇంటి వసారాలో నల్లబల్ల బిగించి, ‘నవోదయ, స్కాలర్‌షిప్ పరీక్షలకు శిక్షణ ఇవ్వబడును’ అని బోర్డు రాయించారు. కరపత్రాలు పంచారు. నెల తిరిగినా వచ్చింది ఇద్దరే. అందులో ఒకడు మేనల్లుడు! ఇలా విసిగిపోయి బోర్డు దించేసే యువకులు పల్లెల్లో కొత్త కాదు.

పిల్లలు రాకపోతే నష్టం మాస్టారుకొక్కరికే కాదు. నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్ష ఒక విద్యార్థి ఒక్కసారే రాయాలి. ఐదో తరగతి చదివే ఏడాది దాటితే మళ్లీ అవకాశం లేదు. చిలకలూరిపేట దగ్గర మద్దిరాలలో నవోదయ విద్యాలయం ఉంది. సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ విద్యార్థులకే. దరఖాస్తుకు రుసుము లేదు, పరీక్ష తెలుగులోనే రాయవచ్చు. ఇక సర్కారు బడిలో ఎనిమిదో తరగతి చదివే పేద పిల్లలకు ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్ష ఉంది. ఎంపికైతే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయల చొప్పున నాలుగేళ్లలో 48,000 రూపాయలు అందుతాయి.

ఎందుకు వద్దంటున్నారు?

పిల్లవాణ్ణి పంపనన్న ప్రతి ఇంట్లోనూ ఒక కారణం ఉంటుంది. అది తెలుసుకుంటే సగం నిరుత్సాహం పోతుంది.

కొందరికి ఆ పరీక్ష సంగతే తెలియదు. వారికి కరపత్రం పనిచేయదు. పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాక, అరుగు మీద కూర్చుని నిదానంగా చెప్పాలి. అడగందే అమ్మయినా పెట్టదు కదా!

కొందరికి నమ్మకం లేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, నిన్నటిదాకా కళ్ల ముందు తిరిగిన కుర్రాడు పాఠం చెబుతాడంటే నమ్మరు. వారి పిల్లలను పది రోజులు ఉచితంగా కూర్చోబెట్టుకోండి. వారం వారం పరీక్ష పెట్టి, దిద్దిన కాగితం ఇంటికి పంపండి. చదువురాని తల్లికి కూడా మార్కులు పెరగడం అర్థమవుతుంది.

మరికొందరి చేతిలో డబ్బు లేదు. నవోదయ దరఖాస్తులు ఇటీవలి ఏళ్లలో వానాకాలంలోనే తీసుకుంటున్నారు. అప్పుడే రైతు విత్తనాలకు, ఎరువులకు అప్పు చేసి ఉంటాడు. నెల నెలా ఫీజు కట్టమంటే ఎక్కడ తెస్తాడు? పత్తి అమ్మాకనో, మిర్చి యార్డుకు వెళ్లాకనో ఇమ్మంటే కాదనడు. ఆ మాట పుస్తకంలో రాసుకుంటే ఇద్దరికీ మంచిది.

బడి మాస్టారు పోటీ కాదు

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు. కనుక మాస్టారు మీకు పోటీదారు కారు. ఏ పిల్లవాడు లెక్కల్లో చురుకో ఆయనకు తెలుసు. వెళ్లి కలవండి. ఆయన ఒక్క మాట చెబితే పది కరపత్రాల పెట్టు.

ఒక్క హెచ్చరిక. పిల్లలు రావడం లేదన్న ఆత్రంలో ‘సీటు గ్యారంటీ’ అని రాయించకండి. అలాంటి హామీలు ఇవ్వరాదని 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలు చెప్పాయి. 50 మందికి మించిన కోచింగ్ కేంద్రాలు 16 ఏళ్ల లోపు పిల్లలను చేర్చుకోరాదని కూడా వాటిలో ఉంది. నవోదయలో ఏటా ఒక్కో విద్యాలయానికి గరిష్ఠంగా 80 సీట్లే. రాసిన వారందరికీ రావు. సీటు రాకున్నా నేర్చిన లెక్కలు ఎక్కడికీ పోవని ముందే చెప్పిన మాస్టారును ఊరు నిలదీయదు.

మొదటి ఏడాది నలుగురు వచ్చినా చాలు, ఆ నలుగురికీ శ్రద్ధగా చెప్పండి. ఊళ్లో ఐదో తరగతి పిల్లలెందరో పేర్లు రాసుకుని, తమ దగ్గరికి వచ్చినా రాకున్నా అందరి చేతా దరఖాస్తు పెట్టించండి. మరుసటి ఏడాది ఆ తల్లిదండ్రులే మరో పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని వసారా ఎక్కుతారు.