స్టీరింగ్ చేతికొచ్చింది... జీతమెంత?

పొద్దు పొడవక ముందే రావులపాలెం అరటి మార్కెట్ మేలుకుంటుంది. సైకిళ్ల మీద, ఆటోల్లో గెలలు వచ్చి దిగుతుంటాయి. అదే వేళకి భీమవరం చుట్టుపక్కల చెరువు గట్ల మీద చేపల పట్టుబడి మొదలవుతుంది. ఐస్ వేసుకున్న వ్యాను వచ్చి నిలబడుతుంది. అంబాజీపేటలో కొబ్బరికాయ, కడియంలో పూలమొక్క, మండపేటలో బియ్యం బస్తా, తణుకు వైపు కోడిగుడ్ల ట్రే... గోదావరి డెల్టాలో ఏది పండినా, ఏది పెరిగినా చివరికి ఎక్కాల్సింది బండే. బండి కదలాలంటే డ్రైవరుండాలి.

మరి ఆ డ్రైవరుకి ఎంత ముడుతోంది? కొత్తగా లైసెన్సు చేతికొచ్చిన కుర్రాడు ఎంత అడగాలి? ఇంట్లోవాళ్లు ఎంత ఆశించాలి?

కలకత్తా, గువాహటి లైన్లకి వెళ్తే నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయని అందరికీ తెలుసు. కానీ కొత్త కుర్రాళ్లలో చాలామంది చూపు ‘లోకల్’ మీదే. మిల్లు నుంచి కాకినాడ రేవుకో, చెరువు నుంచి ఐస్ ఫ్యాక్టరీకో, ర్యాంపు నుంచి ఇల్లు కట్టే చోటుకో బండి తోలుకుని రాత్రికి ఇంటికొచ్చి అన్నం తినొచ్చు. తల్లికీ అదే ధైర్యం. ఆ ధైర్యానికి ఖరీదు ఎంత అన్నదే అసలు లెక్క.

ఇరవై నిండితేనే...

కారు, బైకు లైసెన్సుకి 18 ఏళ్లు చాలు. కిరాయికి తిరిగే రవాణా వాహనం నడపాలంటే మాత్రం 20 నిండాలని 1988 మోటారు వాహనాల చట్టం చెబుతోంది. పెద్ద లారీ నేర్చుకోవాలన్నా ముందు తేలికపాటి వాహనం లైసెన్సు తీసుకుని ఏడాది దాటాలి. ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న షరతు 2019లో తీసేశారు. చదువు మధ్యలో ఆపేసిన పల్లెటూరి పిల్లలకి అది పెద్ద ఊరట.

ఇంకో ఊరట 2024 నవంబరులో వచ్చింది. కారు లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు బరువుండే రవాణా వాహనాన్ని వేరే ఎండార్స్‌మెంట్ లేకుండానే నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది. ఇక్కడ బరువంటే బండి, సరుకు కలిపిన మొత్తం. అంటే ట్రాలీ ఆటో, పికప్ వ్యాన్ లాంటి చిన్న బళ్లకి దారి తెరుచుకున్నట్టే. కానీ దారి సులువైన చోట పోటీ కూడా పెరుగుతుంది. పోటీ పెరిగితే జీతం పెరగదు. పెద్ద లారీ లైసెన్సుకి విలువ ఉండేది అందుకే.

మూడు రకాల జీతం

లోకల్ బండి మీద డబ్బు మూడు దారుల్లో వస్తుంది. మొదటిది నెల జీతం, దాని మీద రోజు బత్తా. రైస్ మిల్లులు, మేత కంపెనీలు, గ్యాస్ ఏజెన్సీల్లో ఎక్కువగా ఇదే పద్ధతి. రెండోది ట్రిప్పు లెక్క. ఇసుక, కంకర, ఇటుక టిప్పర్లలో ఎన్ని ట్రిప్పులు తోలితే అంత. మూడోది, కిరాయి ఖర్చులకని ఓనరు ముందే ఒక మొత్తం ఇచ్చేస్తాడు. డీజిలు, దారి ఖర్చులు పోగా మిగిలింది డ్రైవరుది. బండి నిదానంగా తోలి మైలేజీ తెస్తే మిగులు. దారిలో నాలుగు చోట్ల చెయ్యి చాపితే తగులు!

కొత్తవాడికి మొదటి పద్ధతే క్షేమం. ట్రిప్పు లెక్కలో సంపాదన ఎక్కువ కనిపిస్తుంది కానీ లోడింగు దగ్గర, కాటా దగ్గర గంటలకొద్దీ నిలబడిన సమయానికి పైసా రాదు. పైగా నాలుగో ట్రిప్పు కోసం పడే తొందర ఇంజిను మీద, బ్రేకుల మీద, చివరికి ప్రాణం మీద పడుతుంది.

కాగితం, పెన్ను తీయండి

ఒక చిన్న లెక్క వేద్దాం. అంకెలు ఊహించుకున్నవే, లెక్క వేసే తీరు ముఖ్యం. ‘నెలకి పదిహేను వేలు, రోజుకి మూడొందలు బత్తా’ అని ఓనరు చెప్పాడనుకోండి. నెలలో 26 రోజులు బండి తిరిగితే బత్తా 7,800. మొత్తం 22,800. ఇంట్లో అందరూ సంతోషిస్తారు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. రెండు పూటలా బయట తిండి, టీలకి రోజుకి నూటయాభై పోతే 3,900 తరుగు. చేతికి మిగిలేది 18,900. పొద్దున ఆరింటికి ఎక్కి సాయంత్రం ఆరింటికి దిగితే రోజుకి 12 గంటలు, నెలకి 312 గంటలు. 22,800ని 312తో భాగిస్తే గంటకి 73 రూపాయలు. అదే డబ్బు ఎనిమిది గంటల పనికి వస్తే గంటకి దాదాపు 110 పడేది. అంటే నెల జీతం ఎంతన్నది సగం ప్రశ్నే. ఎన్ని గంటలకి అన్నది మిగతా సగం.

మూడో సంగతి సీజను. దాళ్వా కోతల వేళ ధాన్యం లారీకి ఖాళీ ఉండదు. చెరువుల్లో పట్టుబడి జోరుగా ఉంటే వ్యానుకి పగలూ రాత్రీ ఒకటే. అదే జులై, ఆగస్టుల్లో గోదావరి పోటెత్తితే ఇసుక ర్యాంపులు మూతపడతాయి. బండి షెడ్డులో ఉంటే బత్తా ఉండదు. పైన చెప్పిన నెలలో బండి 16 రోజులే తిరిగిందనుకుంటే బత్తా 4,800కి పడిపోతుంది. ఇంటద్దె, పిల్లల ఫీజు మాత్రం తగ్గవు. కాబట్టి ఇల్లు నడిచేది జీతం మీద, బత్తా మీద కాదు. కొత్తవాడు బేరమాడాల్సింది కూడా ముందు జీతం మీదే.

నిద్రకి వెల కట్టేదెవరు?

మోటారు రవాణా కార్మికులకని 1961లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. రోజుకి ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు, ఏకబిగిన అయిదు గంటలు పనిచేస్తే అరగంట విరామం, అదనపు పనికి రెట్టింపు కూలి అని అందులో ఉంది. కానీ అయిదుగురికి తక్కువ కాకుండా పనివాళ్లున్న సంస్థలకే అది వర్తించేది. ఒకటి రెండు లారీలున్న ఓనర్ల దగ్గర పనిచేసేవాళ్లు దాని నీడలోకి రాలేదు. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం కొత్త కార్మిక కోడ్‌లలో కలిసింది. కనీస వేతనం చిన్నాపెద్దా తేడా లేకుండా అందరికీ ఇవ్వాలని, నెల జీతం మరుసటి నెల ఏడో తేదీలోగా చేతిలో పడాలని వేతనాల కోడ్ అంటోంది. కాగితం మీది మాట షెడ్డు దాకా రావాలంటే అడిగే నోరుండాలి.

అడగకపోతే ఏమవుతుందో దేశమంతా చూస్తున్నదే. సేవ్ లైఫ్ ఫౌండేషన్ పది రవాణా కేంద్రాల్లో 1,200 మందికి పైగా లారీ డ్రైవర్లను కలిసి 2020లో ఒక అధ్యయనం విడుదల చేసింది. రోజుకి సగటున దాదాపు 12 గంటలు స్టీరింగ్ దగ్గరే ఉంటున్నామని వాళ్లు చెప్పారు. అలసటగా ఉన్నా, నిద్రొస్తున్నా నడుపుతున్నామని సుమారు సగం మంది ఒప్పుకున్నారు. తమవాళ్లను ఈ పనిలోకి రమ్మని చెప్పబోమన్నవాళ్లు 84 శాతం.

డ్రైవర్లు దొరకడం లేదని ఓనర్లు వాపోతున్నారంటే వింతేముంది? ఒకప్పుడు క్లీనరుగా చేరి, బండి కడిగి, టైర్లు మార్చి, గురువు దయ తలిస్తే స్టీరింగ్ పట్టుకునేవారు. ఇప్పుడా ఓపిక ఎవరికీ లేదు. ఇక 2025 అక్టోబరు 1 తర్వాత తయారైన లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి. మే నెల ఎండలో క్యాబిన్లో కూర్చున్నవాళ్లకే దాని విలువ తెలుస్తుంది. అయితే పాత బండి ఎక్కేవాడికి ఆ చల్లదనం అందడానికి ఇంకా ఏళ్లు పడుతుంది.

బండి ఎక్కే ముందు అడగండి

* జీతమెంత, బత్తా ఎంత? బండి తిరగని రోజు ఏమిస్తారు?
* డ్యూటీ ఎన్ని గంటలు? రాత్రి కూడా తోలమంటే అదనంగా ఎంత?
* లోడింగు, అన్‌లోడింగు దగ్గర ఆగిన సమయం లెక్కలోకి వస్తుందా?
* ఓవర్‌లోడు జరిమానా ఎవరు కట్టాలి? 2019 సవరణ ప్రకారం అది 20 వేలు, అదనపు ప్రతి టన్నుకీ మరో 2 వేలు. నెల కష్టం ఒక్క కాటాలో పోతుంది.
* టైరు పేలినా, అద్దం పగిలినా జీతంలో కోస్తారా?
* బండి ఇన్సూరెన్స్ పాలసీలో జీతానికి పనిచేసే డ్రైవరుకి కవర్ ఉందా? ఒకసారి పాలసీ కాగితం చూపించమనండి.
* జీతం బ్యాంకు ఖాతాలో వేస్తారా? రేపు సొంత బండికి లోన్ కావాలంటే ఆ కాగితమే సాక్ష్యం.

ఇవన్నీ అడిగితే పని ఇవ్వరేమోనని కొత్తవాళ్ల భయం. నిజమే, కొందరు ఇవ్వరు. కానీ పాతిక లక్షల పైచిలుకు బండిని, మరొకరి ఏడాది పంటని నమ్మి అప్పగించే ఓనరుకి, లెక్క తెలిసిన డ్రైవరంటే భయం కాదు, భరోసా. డీజిలు లెక్క కూడా అంతే నిక్కచ్చిగా రాస్తాడని తెలుసు కనుక.

రాత్రి తొమ్మిదయ్యాక గట్టు మీది ఇంటి ముందు హారన్ చిన్నగా మోగుతుంది. లోపల కంచం పెట్టి ఎదురుచూసే తల్లికి ఆ శబ్దమే మొదటి జీతం. రెండోది ఏడో తేదీలోగా రావాలి.