తొమ్మిదో నంబరంటే ఏమిటి?

తుపాను రోజుల్లో టీవీ కింద స్క్రోలింగులో నిజాంపట్నం రేవు పేరు రాగానే అమృతలూరు, రేపల్లె ఇళ్లలో అందరూ చూసేది ఆ పక్కనున్న ప్రమాద హెచ్చరిక నంబరునే. ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయవి. అంకె పెరిగిందంటే తుపాను బలపడినట్టేనని అనుకుంటాం. అన్నిసార్లూ కాదు. ఎనిమిది, తొమ్మిది, పది... మూడూ మహా ప్రమాద సూచికలే. తేడా తుపాను వచ్చే దారిలో ఉంది. ఆ దారికి రేవు ఎడమ పక్కన పడితే ఎనిమిది, కుడి పక్కన పడితే తొమ్మిది, రేవు మీదుగానో దాని దగ్గరగానో వస్తుంటే పది.

పదకొండుకైతే గాలితో పనే లేదు. వాతావరణ కేంద్రంతో సమాచార సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం.

మన తీరంలో భయపడాల్సింది కుడి పక్కకే. అక్కడ గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. 1977 నవంబరు 19న తుపాను చీరాల దగ్గర తీరం దాటితే, ఉప్పెన ముంచేసింది దానికి కుడివైపున్న దివిసీమను. పదివేల మంది దాకా పోయారు. హైదరాబాద్ దూరదర్శన్ మొదలై అప్పటికి నెల కూడా కాలేదు. అదే ఏడాది అక్టోబరు 23న మొదలైంది. ఆ బొమ్మ మన తీరం దాకా వచ్చేది కాదు, రేడియోనే దిక్కు.

1983లో ఇన్‌శాట్-1బి ఉపగ్రహం పైకి వెళ్లాక తీరంలో హెచ్చరిక రిసీవర్లు పెట్టారు. ముప్పున్న ప్రాంతాల్లోని రిసీవర్లే పలికేవి: ముందు సైరన్, వెనకే హెచ్చరిక. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర పెను తుపాను తీరం దాటింది. లక్షల మందిని ముందే తరలించారు. చనిపోయినవారు వెయ్యి లోపు. అదీ తక్కువేం కాదు, కానీ 1977 చూసినవాళ్లకు ఆ తేడా ఎంతటిదో తెలుసు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేనాటికి వరి కోతల కాలం. 'భారీ', 'అతి భారీ', 'అత్యంత భారీ' అని టీవీ చదువుతుంటే, పనలు చేలోనే ఉన్న రైతుకు ఏం తెలుస్తుంది? వాతావరణ శాఖ లెక్కలో ఒక్కరోజులో 11.5 సెంటీమీటర్లు దాటితే అతి భారీ, 20.4 దాటితే అత్యంత భారీ. ఆ సెంటీమీటర్లే చెప్పాలి.

మరొకటి కూడా చెప్పాలి. హోరుగాలి ఉన్నట్టుండి ఆగిందంటే తుపాను కన్ను ఊరి మీద ఉందేమో, బయటికి రాకూడదు. కాసేపటికే ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొడుతుంది. ఈ మాట ముందురోజు సాయంత్రమే రావాలి, తర్వాత కరెంటు ఉండదు.