మీ మొదటి బిడ్డ ఏమైంది?

మడమకు సూది గుచ్చి రక్తం తీశాక, కాసేపు దూది అదిమి పట్టుకుంటే ఆగిపోవాలి. ఆ పాపకు పావుగంటైనా ఆగలేదు. నాలుగో దూది ఉండ కూడా ఎర్రబడుతుంటే నర్సు నా ముఖంలోకి చూసింది. పాపకు మూడు రోజులు. ఒళ్లంతా పచ్చన.

"పుట్టిన పిల్లలకి కామెర్లు మామూలే కదమ్మా, ఎండలో చూపిస్తే పోతాయన్నారు" అంది నాయనమ్మ.

మామూలే. సగానికి పైగా పిల్లలు పచ్చబడతారు. చాలామందికి లైటు చికిత్స కూడా అక్కర్లేదు. కానీ రక్తం ఆగని పచ్చన వేరు. రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలు తయారయ్యేది కాలేయంలోనే. పెద్దవాళ్లకు కాలేయం పడకేస్తే మాట తడబడుతుంది, మనుషుల్ని పోల్చుకోలేరు. రోజంతా నిద్రపోయే పసిగుడ్డులో మగతను ఎలా పట్టుకుంటాం? అందుకే రక్తం గడ్డకట్టే తీరు చూపే ఐఎన్ఆర్ పరీక్షను నమ్ముకుంటాం. 1కి కాస్త అటూ ఇటూగా ఉండాలి. విటమిన్ కె ఇచ్చాక కూడా 2 కిందికి దిగకపోతే భయపడాల్సిందే. ఆ పాపకు 4.6. షుగరు 28, అదీ బాగా తక్కువే.

కారణం తేలేదాకా ఆగలేం. గ్లూకోజు ఎక్కిస్తూనే, కాలేయాన్ని దెబ్బతీసే హెర్పిస్ వైరస్ ఉందో లేదో రిపోర్టు రాకముందే, దాని మందు ఎసైక్లోవిర్ మొదలుపెడతాం. పాలు ఆపేస్తాం. తల్లితో ఆ మాట చెప్పడం నాకు ఇప్పటికీ కష్టమే. కానీ గెలాక్టోసీమియా ఉన్న బిడ్డకు పాలలోని చక్కెరే విషం. సోయా పాలకు మారిస్తే తేరుకుంటుంది. (మామూలు కామెర్లకు మీ అంతట మీరు పాలు మాన్పించకండి.)

కాలేయ కణాలు పాడవుతుంటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ మాత్రం పాపకు పెద్దగా పెరగలేదు. అది శుభవార్త కాదు. పాడవడానికి కణాలు మిగిలుంటేగా ఆ అంకె పెరిగేది! అప్పుడే తల్లిని అడిగాను: "మీ మొదటి బిడ్డ ఏమైంది?"

ఆమె తల దించుకుంది. "దీనికి పిల్లలు నిలవరండీ" అంది అత్తగారు.

మొదటి బాబు ఆరో రోజున పోయాడట. ఎవరూ కారణం చెప్పలేదట.

పుట్టగానే కాలేయం చెడిపోయే పిల్లల్లో ఎక్కువగా కనిపించే కారణాల్లో ఇదొకటి: తల్లి ఒంట్లో తయారైన యాంటీబాడీలు మాయ దాటి బిడ్డ కాలేయం మీద పడతాయి. తల్లికి ఏ జబ్బూ ఉండదు, ఆమె చేసిన తప్పూ ఉండదు. పెదవి లోపలి నుంచి చిన్న ముక్క తీసి చూస్తే, చేరకూడని చోట ఇనుము పేరుకుని కనిపించింది; ఈ జబ్బు గుర్తు అదే. పాప రక్తం మార్చాం, దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించాం. నలభై మూడో రోజున ఇంటికి పంపించాం. అందరి కథా ఇలా ముగియదు. ఇంత పసివాళ్లకు కాలేయ మార్పిడి చేయడం కూడా చాలా కష్టం.

ఒకసారి ఇలా జరిగితే తర్వాతి కాన్పుల్లో మళ్లీ వచ్చే అవకాశం నూటికి 90 పైనే. ఆ కాన్పులో తల్లికే ఇమ్యునోగ్లోబులిన్ ఇస్తే బిడ్డను కాపాడుకోవచ్చని చికాగో వైద్యుడు పీటర్ విటింగ్టన్ 2004లో లాన్సెట్ పత్రికలో చూపించారు. మందు ఖరీదైనదే. 14వ వారంలోనే మొదలుపెట్టాలి, కాబట్టి ఏడో నెలలో చెబితే చాలా ఆలస్యమైనట్టే. మీ ఇంట్లో పుట్టిన కొద్ది రోజులకే, కారణం తెలియకుండా పోయిన బిడ్డ ఉంటే, ఆ కాగితాలు పారేయకండి. మళ్లీ నెల తప్పిన వెంటనే డాక్టరు ముందు పెట్టండి.