విహారయాత్రలో వాకీటాకీలు: ఎందుకు కొన్నాం, ఎలా వాడుతున్నాం



నిరుటి జమాఖర్చుల పట్టికలో వాకీటాకీల పద్దు చూసి కొందరు దాతలు మమ్మల్ని నిలదీసినంత పని చేశారు. ప్రతి చేతిలోనూ సెల్‌ఫోన్ ఉన్న ఈ రోజుల్లో ఇదేం ఖర్చు అని. అడగడం వారి హక్కు, వివరంగా చెప్పడం మా బాధ్యత. మా దగ్గర ఉన్నది వారి అమానత్ కదా. ముందుగా ఒక సంగతి స్పష్టం చేస్తున్నాం. ఈ పరికరాల కోసం జకాత్ నిధిని ముట్టుకోలేదు. యాత్ర ఖర్చులకని కొందరు పెద్దలు విడిగా ఇచ్చిన సొమ్ముతోనే వీటిని కొన్నాం.

ఇక "ప్రతి చేతిలోనూ సెల్‌ఫోన్" అన్న మాట దగ్గరికి వద్దాం. మా వేసవి యాత్రకు వచ్చేవారిలో ఎక్కువమంది భర్తను పోగొట్టుకున్న తల్లులు, వారి పిల్లలు, వెంట ఒక నానీయో దాదీయో. ఇంటికంతటికీ ఒకటే ఫోన్. అది పెద్దబ్బాయి జేబులో ఉంటుంది. రీఛార్జి గడువు దాటిపోయి బయటి నుంచి కాల్ కూడా రాని ఫోన్లు వారి దగ్గర చాలానే చూశాం. పదేళ్ల పిల్లకీ, డెబ్బై ఏళ్ల నానీకీ అసలు ఫోనే ఉండదు. జనంలో తప్పిపోయేది, వెనకబడిపోయేది సాధారణంగా వీళ్లే. ఫోన్ ఉన్నవాళ్ల కోసం ఎవరూ వెతుక్కోనక్కర్లేదు.

రెండో సంగతి సిగ్నల్. మేము వెళ్లేది అరకు. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాక, అనంతగిరి చుట్టుపక్కల ఫోన్‌లో గీతలు ఒక మలుపులో కనిపిస్తాయి, మరో మలుపులో మాయమవుతాయి. రెండు బస్సులు, ఒక కారు. ముందు బస్సు టీ కోసం ఆగిందో, పిల్లలకు వాంతులై ఆగిందో వెనక బస్సుకు తెలియదు. జొహర్ నమాజుకు ఎక్కడ దిగాలో ఒకరికొకరు చెప్పుకునే దారి ఉండదు. వాకీటాకీ అక్కరకొచ్చేది ఇక్కడే.

సెల్‌ఫోన్‌లో మనం మాట్లాడే మాట ముందు టవరుకు వెళ్లి, అక్కడి నుంచి సంస్థ యంత్రాల గుండా తిరిగి, మరో టవరు మీదుగా అవతలివారిని చేరుతుంది. పక్క బస్సులో ఉన్నవారితో మాట్లాడినా అంతే. టవరు అందకపోతే మాట లేదు. వాకీటాకీలో మాట ఈ చేతిలోని పరికరం నుంచి ఆ చేతిలోని పరికరానికి నేరుగా గాలిలో వెళుతుంది. టవరు, సిమ్, నెలవారీ బిల్లు ఏవీ అక్కర్లేదు. ఒకరు మీట నొక్కి మాట్లాడితే అదే చానల్‌లో ఉన్న అందరికీ ఒకేసారి వినిపిస్తుంది. "రెండు కిలోమీటర్ల తర్వాత ఎడమవైపు ఆగుతున్నాం" అని చెప్పడానికి పదిమందికి పది ఫోన్లు చేయనక్కర్లేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు వాకీటాకీ అని పిలిచిన రేడియోను వీపున మోసేవారు. అది సుమారు 15 కిలోల బరువు. అంత మోసినా మాట అందేది 5 కిలోమీటర్ల దాకానే. ఇప్పుడు అది అరచేతిలో ఇమిడిపోయింది, కానీ దూరం విషయంలో ప్రకృతి నియమం మారలేదు. దాతలు, కొనదలచిన కుటుంబాలు అందరికంటే ఎక్కువగా మోసపోయేది ఈ దూరం దగ్గరే గనుక దీన్ని కాస్త విడమరచి చెబుతాం.

పెట్టె మీద "30 కిలోమీటర్లు" అని రాసి ఉంటుంది. ఈ పరికరాలు వాడే తరంగాలు దాదాపు తిన్నగా ప్రయాణిస్తాయి, భూమి గుండ్రంగా ఉంది. నేల మీద నిలబడ్డ మనిషి నోటి దగ్గర, అంటే సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తున పట్టుకున్న పరికరానికి దిగంతం 5 కిలోమీటర్ల లోపే. అవతలి మనిషికీ అంతే. అంటే చెట్టూ గుట్టా లేని చదునైన మైదానంలో కూడా ఇద్దరి మధ్య దూరం 10 కిలోమీటర్లు మించితే భూమే అడ్డం వస్తుంది. ముప్పై కిలోమీటర్లు కావాలంటే ఒకరు కొండ శిఖరం మీద, మరొకరు ఎదురుగా లోయలో ఉండాలి, మధ్యలో ఏ అడ్డూ ఉండకూడదు. గాలికొండ దగ్గర నిలబడితే అలాంటి దృశ్యం దొరకవచ్చు గానీ, మన పిల్లలు అంత దూరంలో ఉండాలని ఎవరు కోరుకుంటారు?

మా అనుభవంలో బహిరంగ మైదానంలో రెండు కిలోమీటర్ల వరకు మాట స్పష్టంగా వినిపించింది. ఘాట్ మలుపుల్లో ఒక కిలోమీటరు అందితే గొప్ప. బస్సు ఇనుప డొక్కు కూడా తరంగాలను అడ్డుకుంటుంది, అందుకే పరికరం కిటికీ పక్కన కూర్చున్నవారి దగ్గర ఉండాలి. యాంటెన్నా మాత్రం కిటికీ బయట పెట్టకూడదు. బొర్రా గుహల్లోకి దిగితే సున్నపురాయి మధ్య మాట త్వరగా తెగిపోతుంది. అందుకని అక్కడ ఒక వాలంటీరును గుహ ముఖద్వారం దగ్గరే నిలబెడతాం. లోపలివారి మాట విని బయటివారికి, బయటివారి మాట లోపలికి అతను అందిస్తాడు. యంత్రానికి చేతకానిచోట మనిషిని పెట్టడమన్నమాట.

ఏ సెట్ కొనాలి అన్నది చట్టానికి సంబంధించిన విషయం. దీన్ని మన సముదాయంలో చాలామంది తేలిగ్గా తీసుకుంటున్నారు. మన దేశంలో వైర్‌లెస్ పరికరం లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరమని 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం చెప్పింది. తక్కువ శక్తితో పనిచేసే కొన్నింటికి 2018 నిబంధనల్లో మినహాయింపు ఇచ్చారు. వాకీటాకీల విషయంలో ఆ మినహాయింపు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే సెట్లకు. ఆ కొద్దిపాటి స్థలంలోనే 12.5 కిలోహెర్ట్జ్ చొప్పున 16 చానళ్లు ఇముడుతాయి. వీటి శక్తి అర వాట్‌ను మించదు. దానికి తోడు ఆ మోడల్‌కు టెలికాం శాఖలోని వైర్‌లెస్ విభాగం ఇచ్చే ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ అనే ధ్రువపత్రం ఉండాలి. దుకాణదారును ఆ పత్రం చూపించమని అడగండి. "అవన్నీ ఎవరు చూస్తారు సాబ్" అంటే ఆ దుకాణం వదిలేయండి.

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే చాలా సెట్లు ఈ హద్దుల్లో ఉండవు. పోలీసులు, అత్యవసర సేవలవారు వాడే ఫ్రీక్వెన్సీల్లోకి కూడా అవి వెళ్లగలవు. 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇలాంటి అమ్మకాల మీద ఆన్‌లైన్ వ్యాపార సంస్థలకు నోటీసులిచ్చి, మార్గదర్శకాలు కూడా విడుదల చేసింది. సరదాగా కొన్న బొమ్మ అనుకుంటే చెక్‌పోస్టు దగ్గర జవాబు చెప్పుకోవలసి వస్తుంది. అందులోనూ మనవాళ్లు గుంపుగా బస్సుల్లో వెళుతూ అనుమతి లేని వైర్‌లెస్ సెట్లతో కనిపిస్తే ఆ జవాబు ఇంకెంత కష్టమవుతుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. అందుకే బిల్లు, ధ్రువపత్రం నకలు యాత్ర పొడుగునా మా ఫైలులో ఉంటాయి.

అమెరికాలో ఉన్న మన పిల్లలు సెలవులకు వచ్చేటప్పుడు ప్రేమతో అక్కడి సెట్లు తెస్తుంటారు. ఆ దేశంలో కుటుంబాలు స్వేచ్ఛగా వాడేవి 462, 467 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేస్తాయి. అక్కడ అవి చట్టబద్ధమే. ఇక్కడ ఆ మినహాయింపు లేదు. అలాంటి రెండు జతలు మాకు కానుకగా వస్తే జజాకల్లాహ్ చెప్పి వెనక్కి ఇచ్చేశాం. ఇచ్చినవారు కొంత నొచ్చుకున్నారు, తర్వాత అర్థం చేసుకున్నారు. ఇదే కారణంగా ఇక్కడి సెట్లను గల్ఫ్‌కో ఉమ్రా ప్రయాణానికో పెట్టెలో వేసుకుని వెళ్లవద్దు. ఏ దేశం నియమం ఆ దేశానిది. ముందుగా అడిగి తెలుసుకోవాలి.

వాడే పద్ధతి పిల్లలకు నేర్పడం మాకు సరదా అయిన పని. తరగతిలో నలుగురు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా వినబడదని వాళ్లకు తెలుసు. ఇక్కడా అంతే, ఒకసారికి ఒకరే. మీట నొక్కి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు మాట్లాడాలి. లేకపోతే మొదటి పదం ఎగిరిపోతుంది. "ఆగవద్దు" అన్నది అవతల వినేసరికి ఇంకేదో అవుతుంది. ముందు పిలుస్తున్నవారి పేరు, తర్వాత తమ పేరు, తర్వాత విషయం. మాట అయిపోయాక "ఓవర్" అని మీట వదలాలి. పిల్లలు "ఓవర్" అనడానికే మాట్లాడుతుంటారు, మొదటి గంట అలా పోనిస్తాం.

ఘాట్‌లో డ్రైవర్ చేతికి సెట్ ఇవ్వం. పక్క సీటులోని వాలంటీరే మాట్లాడాలి. చాపరాయి దగ్గర నీళ్లలో బండలు పాకుడు పట్టి ఉంటాయి గనుక, ఒడ్డున ఒకరు, దిగువన ఒకరు సెట్లతో నిలబడతారు. పిల్లలకు నేర్పే అసలు సూత్రం వేరే ఉంది. తప్పిపోయామనిపిస్తే నడవకూడదు. ఉన్నచోటే నిలబడి, కనిపిస్తున్న బోర్డు గానీ దుకాణం గానీ చెప్పాలి. వెతికేవాళ్లూ తప్పిపోయినవాళ్లూ ఇద్దరూ నడుస్తుంటే కలుసుకోవడం కష్టం. ఆరు సెట్లే ఉన్నాయి కాబట్టి చిన్నపిల్లలందరికీ ఒక్కొక్కటి ఇవ్వలేం. జట్టుకు ఒకటి, జట్టులో నడక నెమ్మదిగా ఉన్నవారి దగ్గర. చురుకైన కుర్రాళ్లకు ఇస్తే అది ఎప్పుడూ ముందువైపే ఉంటుంది, వెనకబడ్డ నానీ సంగతి ఎవరికీ తెలియదు.

ఒక విషయంలో తల్లులకు మేము గట్టిగా హెచ్చరిక చేస్తాం. ఈ పరికరాల్లో "ప్రైవసీ కోడ్" అని ఒకటుంటుంది. దాని పేరు చూసి మోసపోవద్దు. అది ఇతరుల మాటలు మనకు వినిపించకుండా చేస్తుందే గాని, మన మాటలు ఇతరులకు వినిపించకుండా ఆపదు. అదే చానల్ తిప్పిన ఎవరైనా వినగలరు. అందుకని ఆడపిల్లల పేర్లు, ఏ గదిలో ఎవరున్నారు, ఫలానా అమ్మాయి ఒంటరిగా ఉంది వంటి మాటలు గాలిలోకి వదలకూడదు. జట్లకు రంగుల పేర్లు పెట్టుకున్నాం. "పచ్చ జట్టు నుంచి ఒకరు టిఫిన్ దగ్గర ఉన్నారు, రండి" అంటే చాలు. ఏ కుటుంబం సొసైటీ సాయంతో వచ్చింది, ఎవరు తమ ఖర్చుతో వచ్చారు అన్నది కూడా రేడియోలో ఎప్పుడూ వినిపించకూడదు. ఇచ్చినవారికీ తీసుకున్నవారికీ ఆ పరదా అవసరం.

ముగ్గురు కలిసి ప్రయాణం చేస్తే ఒకరిని అమీరుగా పెట్టుకోవాలని ప్రవక్త (స) బోధించారు. సెట్లు వచ్చాక ఆ బోధ విలువ మాకు ఇంకా తెలిసింది. ఆరుగురికీ ఒకేసారి వినబడే పరికరంలో ఆరుగురూ ఆజ్ఞలిస్తే బస్సు ఎటూ కదలదు. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు బయలుదేరాలో అమీర్ ఒక్కరే చెబుతారు. మిగతావారు విన్నామని జవాబిస్తారు, ఇబ్బంది ఉంటే చెబుతారు. జవాబు రాని జట్టు కోసం అమీర్ మళ్లీ పిలుస్తారు, మూడోసారీ పలకకపోతే మనిషిని పంపుతారు. గంట గంటకూ ఒకసారి హాజరు పిలుపు ఉంటుంది. బడిలో మేము రోజూ చేసేదే.

ఈసారి యాత్రకు కుటుంబాలు పెరిగేలా ఉన్నాయి. ఇంకో నాలుగు సెట్లు, అన్నిటికీ అదనపు బ్యాటరీలు కావాలి. ఇవ్వదలచినవారు దయచేసి సెట్ కొని పంపవద్దు. ఆఫీసుకు వచ్చి ఇప్పటికే ఉన్న మోడల్ చూసి, ఆ మొత్తాన్ని "యాత్ర" పద్దు కింద రాయించి రసీదు తీసుకోండి. కొన్న తర్వాత బిల్లు, ధ్రువపత్రం నకలు మీకు చూపిస్తాం, ఇన్షా అల్లాహ్.