ప్లేట్‌లెట్ల లెక్క వెనుక అసలు కారణం

వానాకాలం వచ్చిందంటే మన ఇళ్లలో వినిపించే ప్రశ్న "ప్లేట్‌లెట్లు ఎంత ఉన్నాయి?" మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాలని డెంగీ జ్వరం మనందరికీ నేర్పింది. జ్వరం తగ్గాక అవి మళ్లీ పెరుగుతాయనీ తెలుసు. కానీ కొందరికి పుట్టుకతోనే అవి తక్కువ.

మా బడిలో తొమ్మిదో తరగతి చదివిన ఒక అమ్మాయికి చిన్నప్పటి నుంచీ ప్లేట్‌లెట్లు తక్కువే. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడింది. వాటివల్ల ముఖం ఉబ్బి, సిగ్గుతో చివరి బెంచీలో కూర్చునేది. ప్లేట్‌లెట్లు మాత్రం పెరగలేదు. ఒకరోజు వాళ్ల నాన్న వచ్చి "సార్, కొత్త డాక్టరుగారు నా రక్తం కూడా అడిగారు, ఎందుకంటారు?" అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ నేను తెలుసుకున్నదే ఈ వ్యాసం.

కండరం ముడుచుకోవడానికి యాక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్లు కారణమని పాఠ్యపుస్తకంలో చదువుకున్నాం. మయోసిన్ ఒక చిన్న మోటారు లాంటిది. శక్తిని ఖర్చు చేసి యాక్టిన్ పోగులను లాగుతుంది. ఇలాంటి మోటార్లు కండరాల్లోనే కాదు, మిగతా కణాల్లోనూ ఉంటాయి. కణం రెండుగా విడిపోయేటప్పుడు దాని నడుమును బిగించేవి, తెల్లకణం పాకడానికి తోడ్పడేవి, గాయం దగ్గర రక్తపు గడ్డను గట్టిగా బిగించేవి ఇవే. కండరేతర మయోసిన్‌లోని రెండో తరగతిలో ఎ, బి, సి అని మూడు రకాలున్నాయి. చాలా కణాల్లో ఒకటికి మించిన రకాలుంటాయి. ప్లేట్‌లెట్లలో మాత్రం ఎ రకం ఒక్కటే. అది దెబ్బతింటే ఆదుకునే మరో రకం అక్కడ లేదు.

ఎ రకాన్ని తయారుచేసే జన్యువు పేరు ఎమ్‌వైహెచ్9. ఇది 22వ క్రోమోజోముపై ఉంది. ఇందులో మార్పు వస్తే ఎముక మజ్జ నుంచి ప్లేట్‌లెట్లు తక్కువగా, పెద్దవిగా వస్తాయి. కొన్ని ఎర్రకణమంత ఉంటాయి. పరిమాణాన్ని బట్టి లెక్కపెట్టే యంత్రం ఆ పెద్దవాటిని వదిలేస్తుంది. దాంతో లెక్క ఉన్నదానికంటే తక్కువగా కనబడుతుంది. ఈ లక్షణాలను 1909లో మే, 1945లో హెగ్లిన్ అనే వైద్యులు వివరించారు. కారణమైన జన్యువు 2000లో తెలిసింది.

ఈ లోపాన్ని, శరీరం తన ప్లేట్‌లెట్లను తానే నాశనం చేసుకునే మరో జబ్బుగా పొరబడటం కద్దు. అప్పుడు స్టెరాయిడ్లు ఇస్తారు. కొందరికి ప్లీహం కూడా తీసేశారు. ఈ లోపానికి ఆ చికిత్సలు పనిచేయవు.

తేడా తెలుసుకోవడానికి తోడ్పడేదే యాంటీబాడీ. మనిషి ఎ రకం మయోసిన్‌లోని ఒక ముక్కను కుందేలుకు ఎక్కిస్తే, దాని శరీరం ఆ ముక్కను గుర్తుపట్టి అంటుకునే యాంటీబాడీలను తయారుచేస్తుంది. వాటిని రక్తం నుంచి వేరుచేసి, గాజు పలకపై పూసి ఆరబెట్టిన రోగి రక్తపు చుక్క మీద వేస్తారు. ఆ తర్వాత మెరిసే రంగు తగిలించిన రెండో యాంటీబాడీని వేస్తే, అది మొదటిదాన్ని పట్టుకుంటుంది. యాంటీబాడీకి మెరిసే రంగు తగిలించే పద్ధతికి 1941లో ఆల్బర్ట్ కూన్స్ బృందం బాట వేసింది.

ఇప్పుడు సూక్ష్మదర్శినిలో న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలను చూస్తారు. ఆరోగ్యవంతుల కణంలో మెరుపు కళ్లంలో ఆరబోసిన ధాన్యంలా సమంగా పరుచుకుని ఉంటుంది. ఈ లోపం ఉన్నవారిలో అక్కడక్కడా కుప్పలుగా కనిపిస్తుంది. మామూలు రంగులతో దొరకని కుప్పలు కూడా ఇలా బయటపడతాయి. యాంటీబాడీ పొరపాటున బి, సి రకాలకు అంటుకోకూడదు. అందుకే దాన్ని ముందే పరీక్షించాలి. ప్రతిసారీ ఆరోగ్యవంతుల రక్తపు పలకను కూడా పక్కన పెట్టుకుని పోల్చాలి. జన్యువులో మార్పు ఎక్కడుందో జన్యుపరీక్ష తేలుస్తుంది.

ఆ అమ్మాయి రక్తంలో కుప్పలే కనిపించాయి. నాన్న రక్తంలోనూ అంతే. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ లోపం ఉంటే ప్రతి బిడ్డకూ రావడానికి సగం అవకాశం ఉంది. నాన్న రక్తం అడిగింది అందుకే. పన్ను పీకించుకున్నప్పుడు తనకు రక్తం ఎంతసేపటికీ ఆగలేదని ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. డాక్టరుగారు అమ్మాయికి మాత్రలు క్రమంగా తగ్గించి మాన్పించారు. ఈ లోపం ఉన్న కొందరికి వయసు పెరిగేకొద్దీ వినికిడి, మూత్రపిండాలు దెబ్బతింటాయి, కంటిలో శుక్లాలూ రావచ్చు. అందువల్ల ఇద్దరూ క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకుంటున్నారు.

దాతలకు నా మనవి ఒకటే. రోగికి మందుల ఖర్చు ఇచ్చేటప్పుడు "జబ్బుకు కారణం తేలిందా?" అని కూడా అడగండి. తేలకపోతే పరీక్షకూ, పెద్ద ఊరికి వెళ్లే బస్సు చార్జీలకూ సాయం చేయండి. ఆ అమ్మాయికి ఏళ్ల తరబడి మందులు కొనిపెట్టినవారు ఉన్నారు. కానీ ఆ కుటుంబానికి ముందుగా కావలసింది ఒక గాజు పలక మీద దొరికే జవాబు.