చిల్లిగవ్వ మిగలని వాడికి వెండి నాణెం

ఒకవైపు రెండో ఎలిజబెత్ రాణి, మరోవైపు పళ్ల చక్రాలతో పాతకాలపు ఆవిరి ఇంజన్. బ్రిటన్‌లోని రాయల్ మింట్ 2004లో విడుదల చేసిన 2 పౌండ్ల స్మారక నాణెమిది. పట్టాలపై సరుకు లాగిన తొలి ఆవిరి ఇంజన్‌కు 200 ఏళ్లు నిండిన సందర్భమది. చలామణీ కోసం మామూలు లోహంతోనూ, సేకరణదారుల కోసం 92.5 శాతం స్వచ్ఛమైన వెండితోనూ దీన్ని ముద్రించారు. వెండి నాణెం బరువు 12 గ్రాములు. బయటి వలయానికి బంగారు పూత. అంచున రైలు వంతెనల కమానులను తలపించే గీతలు. ఇంజన్‌తో పాటు దాని సృష్టికర్త రిచర్డ్ ట్రెవితిక్ పేరూ నాణెంపై ఉంది. బతికుండగా ఆయనకు దక్కని గౌరవమది.

ఆ ఇంజన్ పరుగు వెనుక ఓ పందెం ఉంది. దక్షిణ వేల్స్‌లోని పెనిడారెన్ ఇనుప కర్మాగారం యజమాని శామ్యూల్ హామ్‌ఫ్రే, ఆవిరి యంత్రం 10 టన్నుల ఇనుమును లాగగలదంటూ పొరుగు యజమాని రిచర్డ్ క్రాషేతో 500 గినీలు పందెం కాశాడు. 1804 ఫిబ్రవరి 21న ట్రెవితిక్ ఇంజన్ ఆ ఇనుముతో పాటు 70 మందిని కూడా మోస్తూ అబర్‌సైనన్ దాకా 9 మైళ్లకు పైగా ప్రయాణించింది. పట్టిన సమయం 4 గంటల 5 నిమిషాలు. ఇంజన్ నెగ్గింది కానీ పట్టాలు ఓడాయి. గుర్రపు బళ్ల కోసం పోత ఇనుముతో చేసిన ఆ పలకలు దాని బరువుకు విరిగిపోయాయి. దాంతో మళ్లీ గుర్రాలే దిక్కయ్యాయి.

ట్రెవితిక్ 1816లో పెరూ బాట పట్టాడు. అక్కడి వెండి గనుల్లో నీటిని తోడేందుకు ఆయన యంత్రాలే ఆధారం. స్వాతంత్ర్య పోరాటంలో ఆ గనులతో పాటు ఆయన సంపాదన కూడా తుడిచిపెట్టుకుపోయింది. కార్టజీనా రేవులో తారసపడిన రాబర్ట్ స్టీఫెన్‌సన్ 50 పౌండ్లు ఇస్తేనే ఇంటికి చేరగలిగాడు. పింఛను కోసం పార్లమెంటుకు చేసుకున్న వినతీ ఫలించలేదు. 1833 ఏప్రిల్‌లో డార్ట్‌ఫర్డ్‌లో ఆయన కన్నుమూసేనాటికి చేతిలో చిల్లిగవ్వ లేదు. తోటి పనివాళ్లు చందాలు వేసుకుని ఖననం చేశారు. సమాధిపై పేరు కూడా లేదు.

అప్పటికే స్టీఫెన్‌సన్‌ల ఇంజన్లు బ్రిటన్‌లో ప్రయాణికులను మోస్తున్నాయి. మరో 20 ఏళ్లకు, 1853 ఏప్రిల్ 16న, బోరీబందర్ నుంచి ఠాణేకు రైలు కూత పెట్టింది. రైల్వేల పితామహుడన్న పేరు మాత్రం రాబర్ట్ తండ్రి జార్జ్ స్టీఫెన్‌సన్‌దే అయింది.

రాయల్ మింట్ ఉన్న లాన్‌ట్రిసెంట్ కూడా దక్షిణ వేల్స్‌లోనిదే. 1804లో ఆ ఇంజన్ చేరుకున్న అబర్‌సైనన్ అక్కడికి అంత దూరమేమీ కాదు. నాణెం రావడానికి మాత్రం 200 ఏళ్లు పట్టింది.